పైకెక్కిన పాత వార్త

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు నన్ను అప్పుడప్పుడు ఒక ప్రశ్న అడుగుతుంటారు. "మేడమ్, ఎవరికి దొరికిన వార్త వాళ్లు తెచ్చి పెట్టే వెబ్‌సైట్లు ఉన్నాయి కదా, అవి చిన్న తరగతుల పిల్లలకు చూపించొచ్చా, వద్దా?" అని. ఒక్క ముక్కలో తేల్చి చెప్పమంటారు. ఒక్క ముక్కలో చెప్పడం నాకు ఎప్పుడు చేతనయింది గనక! ఉద్యోగమంతా సోషల్ పాఠాలు చెప్పిన నోరు ఇది. కూర్చోండి, చాయ్ తెప్పిస్తాను. బాన్సువాడ హైస్కూల్లో జరిగిన సంగతి మొత్తం వినండి. జవాబు మీకే దొరుకుతుంది. దొరక్కపోతే నేనే చెబుతాను, నాకేం మొహమాటం లేదు.

నేను బాన్సువాడకు బదిలీ మీద వచ్చింది తొంభైల మొదట్లో. అన్ని బళ్లలో ఉన్నట్టే అక్కడా ప్రార్థన, ప్రతిజ్ఞ అయ్యాక ఒక విద్యార్థి ముందుకొచ్చి ఆనాటి వార్తలు చదివేవాడు. మా బడికున్న ప్రత్యేకతల్లా మైకు. ఎవరో పుణ్యాత్ముడు దానంగా ఇచ్చిన మైకు, దానికో పెద్ద గొట్టం. ఆ గొట్టాన్ని ఎవరు కట్టారో గానీ మూతి రోడ్డు వైపు పెట్టి కట్టారు. దాంతో మా పిల్లలు చదివే వార్తలు మా పిల్లలకంటే రోడ్డు అవతల హోటల్లో చాయ్ తాగేవాళ్లకు, పిట్లం బస్సు కోసం నిలబడ్డ రైతులకు బాగా వినబడేవి. వడ్ల ధర, వాన కబురు, కాలువ నీళ్ల సంగతి వచ్చిందంటే ఆ రైతులు మాటలాపి మరీ వినేవారు. "బడిల సదివిండ్రు" అంటే ఇక ఆ మాటకు తిరుగులేదు. ప్రభుత్వం వారి చాటింపుకి కూడా అంత విలువ ఉండేది కాదు.

ఆ వార్తలు ఎంపిక చేసే పని నేను చేరిన వారానికే నా నెత్తిన పడింది. నిజామాబాద్ నుంచి మొదటి బస్సులో పేపర్ కట్ట దిగేది. ఇద్దరు పిల్లలు వెళ్లి మా పేపర్ తెచ్చేవాళ్లు. ఏది చదవాలో వాళ్లే గుర్తు పెట్టాలి, ఎందుకు చదవాలో నాకు చెప్పాలి. ఏ ఊరి సంగతి, ఏ రోజుది, ఎవరు చెప్పారు అని నేను అడిగే ప్రశ్నలకు నీళ్లు నమిలితే ఆ వార్త ఆ పూటకు చెత్తబుట్టలోకి పోయేది. పిల్లలు నా వెనక నన్ను "పోలీస్ మేడమ్" అనేవాళ్లట. నాకు తెలుసు, లోపల్లోపల మురిసిపోయేదాన్ని.

ఇలా ఏళ్లు గడిచాయి. రెండువేలు దాటి ఏడెనిమిదేళ్లకు మా బడికి కంప్యూటర్లు వచ్చాయి, వాటి వెంట ఒక కుర్ర ఇన్‌స్ట్రక్టరూ వచ్చాడు. కాంట్రాక్టు ఉద్యోగం, అరకొర జీతం. అయినా ఉత్సాహం మాత్రం ఊరంత. సైన్స్ గది పక్కన ఉన్న పాత సామాన్ల గదిని తానే ఊడ్చి, సున్నం వేయించి, కిటికీలకు పరదాలు కట్టి ల్యాబ్ చేశాడు. టెలిఫోన్ వాళ్ల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి ఇంటర్నెట్ లైన్ కూడా సాధించాడు. అలాంటి పిల్లవాడిని ఎవరు ఇష్టపడరు చెప్పండి!

ఒకరోజు స్టాఫ్ రూముకి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. "మేడమ్, మీ పేపర్ కంటే ఫాస్ట్‌ది ఒకటి చూపిస్త, రాండ్రి" అన్నాడు. వెళ్లి చూశాను. తెలుగువాళ్లు నడిపే ఒక వెబ్‌సైట్ అది. జిల్లాకొక పేజీ ఉంది. ఎవరైనా సరే, తమకు కనబడిన వార్తను అక్కడ తెచ్చి పెట్టొచ్చు. పక్కనే పైకి చూసే ఒక బాణం గుర్తు. చదివినవాళ్లకు నచ్చితే దాన్ని నొక్కుతారు. ఎక్కువమంది నొక్కిన వార్త పైకి పోతుంది, తక్కువమంది నొక్కింది కిందికి జారిపోతుంది. ఏది ముఖ్యమో ఎడిటర్ కాదు, జనమే తేలుస్తారన్నమాట.

హెడ్మాస్టరు గారికి ఈ సంగతి తెలియగానే ఒంటికాలి మీద లేచారు. ఆయన మంచి మనిషే, కానీ భయం పాలు ఎక్కువ. పైనుంచి కాగితం వస్తే చాలు, చదవకముందే చెమటలు పట్టేవి. "వద్దమ్మా వద్దు! దాని కింద పెద్దోళ్లు తిట్టుకునే తిట్లు నేను చూసిన. సినిమా హీరోల కోసం తల్లుల్ని తిడ్తుండ్రు. గవన్నీ పిల్లలు చదువుతే మనం ఏం కావాలె?" అన్నారు.

"చదువుతే గదా సార్, తప్పని తెలిసేది" అన్నాడు ఇన్‌స్ట్రక్టరు. "నేను పక్కనే ఉంట. వార్త ఎట్ల ఎంచాల్నో నేర్చుకుంటరు. తెలుగు టైపింగ్ వస్తది. దునియా మొత్తం మన బాన్సువాడకు వస్తది."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఎవరి పక్షం తీసుకున్నాననుకుంటున్నారు? కుర్రవాడి పక్షమే. ఆరు, ఏడు తరగతుల పిల్లలకు వద్దు, ఎనిమిది నుంచి సరే, అదీ టీచరు పక్కన ఉన్నప్పుడే అన్నాను. చిన్న పిల్లలకు పొయ్యి దగ్గర పని చెప్పం, కాస్త పెద్దయ్యాక మనం పక్కనుండి నేర్పిస్తాం, ఇదీ అంతే అని గట్టిగా వాదించాను. హెడ్మాస్టరు గారు గొణుగుతూనే సంతకం పెట్టారు. అప్పుడన్న మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను, ఆ తర్వాత జరిగిందంతా చూశాక కూడా.

ఎనిమిదో తరగతి పిల్లలు ఆ సైటుకు అతుక్కుపోయారు. అందరికీ తలా ఒక ఖాతా తెరిచి ఇచ్చాడు ఇన్‌స్ట్రక్టరు. ఆ క్లాసులో ఇద్దరి గురించి మీకు చెప్పాలి. ఒకడు బస్టాండు దగ్గర చెప్పుల దుకాణం ఉన్న సాయిబు గారి అబ్బాయి. వాడికి బడిలో తెలియని మనిషి లేడు. ఆటల పోటీ అయినా, క్లాసు లీడర్ ఎన్నికైనా వాడు ఎటు ఉంటే గెలుపు అటు. రెండోది ఒక రైతు బిడ్డ. వర్ని రోడ్డు మీద బస్సు దిగి లోపలికి నడవాల్సిన ఊరు. తండ్రి కౌలుకు చేసే పొలం పిల్లకాలువ కొసన, చివరి తూము కింద ఉంటుంది. కాలువకు నీళ్లు వదిలితే అందరి పొలాలూ తడిశాక మిగిలింది వాళ్లకు. అమ్మాయి నెమ్మదస్తురాలు, కానీ మైకు ముందు నిలబడితే గొంతు గంటలా మోగేది. వార్తలు చదవడంలో నేను తయారుచేసిన పిల్లల్లో ఆమెకు సాటి లేరు. గొప్ప కోసం చెప్పడం లేదు, నిజంగానే లేరు.

యాసంగి, అంటే రెండో పంట, నార్లు పోసే కాలం. కాలువకు ఎప్పుడు నీళ్లు వదులుతారా అని రైతులంతా ఎదురుచూస్తున్నారు. ఆ వారం నన్ను శిక్షణ కోసం నిజామాబాద్ పంపారు. వార్తలు చూసే పని ఇన్‌స్ట్రక్టరుకు అప్పజెప్పి వెళ్లాను.

ఒక పొద్దున ల్యాబ్‌లో ఆ అమ్మాయి మా కాలువ పేరు కొట్టి వెతికింది. ఇంట్లో పొద్దస్తమానం అదే మాట కదా మరి. ఒక వార్త దొరికింది. ఈ యాసంగికి చివరి తూములకు నీళ్లు ఇవ్వలేమని అధికారులు చెప్పినట్టు అందులో ఉంది. వెంటనే దాన్ని తెచ్చి మా జిల్లా పేజీలో పెట్టింది. దుకాణం సాయిబు గారి అబ్బాయి చూశాడు. వాడికి వార్త ఏమిటన్నది ముఖ్యం కాదు, పెట్టింది తమ క్లాసు పిల్ల అన్నదే ముఖ్యం. "అరే, మన క్లాస్ వార్తరా! అందరు నొక్కుండ్రి, ఒక్కడు ఇడవద్దు" అని ల్యాబంతా కలియతిరిగాడు. క్లాసు క్లాసంతా వరసగా వచ్చి బాణం నొక్కింది. మా జిల్లా పేజీ చూసేవాళ్లే తక్కువ. చిటికెలో ఆ వార్త అన్నిటికంటే పైకెక్కి కూర్చుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

మరునాడు ప్రార్థనలో చదవడానికి ఆ వార్తనే తీసుకున్నారు. ఇన్‌స్ట్రక్టరు చూశాడు. పేజీలో అన్నిటికంటే పైన ఉంది, పక్కన నిన్నటి తేదీ ఉంది. సరే అన్నాడు. అతనికి తట్టనిది ఒక్కటే. ఆ తేదీ వార్త రాసిన రోజుది కాదు, మా పిల్ల దాన్ని తెచ్చి పెట్టిన రోజుది. వార్త అబద్ధం కాదు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. కొన్నేళ్ల కిందట కరువొచ్చినప్పుడు అది అక్షరాలా నిజం. పాత నిజం కొత్త తేదీ కట్టుకుని మా గొట్టం మైకు ఎక్కింది.

నేను తిరిగి వచ్చిన రోజే కాలువకు నీళ్లు వచ్చాయి. వర్ని వైపు పిల్లలు బస్సు దిగుతూనే "నీళ్లొచ్చినయ్ మేడమ్, కాలువ నిండుగ పోతుంది" అని కేకలు. వాళ్ల సంబరం చూసి నాకూ కడుపు నిండింది. క్లాసుకు వెళితే ఆ అమ్మాయి బెంచీ మీద తల పెట్టి ఏడుస్తోంది. పక్క పిల్ల చెప్పింది. "వాళ్ల నాయిన నారుమడిల బర్రెల్ని ఇడిసిండట మేడమ్. నీళ్లు రావు గదా అని. నారంత మేసినయట."



మధ్యాహ్నానికి తండ్రే వచ్చాడు. కోపంతో వచ్చి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది, పోలీస్ మేడమ్‌కి కోపం కొత్త కాదు కదా. ఆయన రుమాలు చేతిలో పట్టుకుని హెడ్మాస్టరు గది గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"కరువేడాది గిట్లనే ఆశవడి నారు వెంచిన మేడమ్. నీళ్లు రాలే, ఎండిపొయింది. బర్రెలకు మేత గూడ కాలే. గందుకే ఈసారి బిడ్డ వచ్చి చెప్పంగనే నమ్మిన. ఇయ్యాల్టిదేనా బిడ్డా అని అడిగిన. ఔ నాయినా, తారీఖు గూడ ఉన్నది, బడిల మైకుల నేనే సదివిన అన్నది. పచ్చి నారు ఉండంగనే బర్రెలన్న తింటయని ఇడిసిన" అన్నాడు. రుమాలు భుజాన వేసుకుని, "బిడ్డను తిట్టలే. సదివింది బడి గదా" అన్నాడు.

ఆ మాట సూటిగా వచ్చి మా అందరికీ తగిలింది.

"మరి ఇప్పుడేం చేస్తరు?" అని అడిగారు హెడ్మాస్టరు.

"ఏం జేస్తం సార్. మళ్ల నారు వోస్తే అది ఎదిగేసరికి అదును దాటిపోతది. పొలం పంటెయ్యకుంట పడావు పెట్టి కూలికి పోతం. ఇంటిల్లిపాది. ఇగ బిడ్డ గూడ నాట్లకు రావాలె. పేరు ఉండనీయుండ్రి సార్, మళ్లెప్పుడన్న తోలిస్త." అది చెప్పడానికే వచ్చాడాయన. అడగడానికి ఏమీ రాలేదు. మళ్లెప్పుడో పంపిస్తానన్న పిల్లల్లో ఎంతమంది తిరిగి వస్తారో ఆ కుర్చీల్లో కూర్చున్న మాకు బాగా తెలుసు.

ఆయన అటు వెళ్లగానే గదిలో తుఫాను మొదలైంది. ఇన్‌స్ట్రక్టరు ముందుకొచ్చాడు. "తప్పు నాది సార్. తారీఖు చూసి ఓకే అన్న. నన్ను తీసేసినా సరే" అన్నాడు. హెడ్మాస్టరు గారు లేచి నిలబడ్డారు. "నేను ముందే చెప్పిన! ఇయ్యాల నుంచి ల్యాబ్‌కు తాళం. మైకు బంద్. వార్తలు బంద్. గా పిల్ల మళ్ల మైకు దగ్గరికి పోవద్దు. ఎవరన్న అడిగితే మనకు తెల్వదు."

"తాళం వేస్తే నారు మొలుస్తుందా సార్?" అన్నాను.

నేను కుర్చీ జరుపుకుని కూర్చున్నాను. నాకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. అది తెలిసినవాళ్లు అప్పుడు జాగ్రత్తగా ఉంటారు. "పొలానికి కావలసింది నారు. అదునులోగా కావాలి. ఆ సంగతి చూద్దాం. తాళం గురించి తర్వాత మాట్లాడుకుందాం" అని లేచి ఎనిమిదో తరగతికి వెళ్లాను.

"ఆ వార్తకు బాణం నొక్కినవాళ్లు చెయ్యెత్తండి" అన్నాను. మొదట ఒకటీ అరా, తర్వాత మెల్లగా అందరి చేతులూ లేచాయి.

"చదివి నొక్కినవాళ్లు?"

అన్ని చేతులూ దిగిపోయాయి.

"మరి ఎందుకు నొక్కారు?"

"దోస్తు పెట్టింది గదా మేడమ్" అంది ఒక పిల్ల. "అందరు నొక్కుతుండ్రని నొక్కిన" అన్నాడు ఒకడు. దుకాణం సాయిబు గారి అబ్బాయి లేచి నిలబడ్డాడు. "నేనే చెప్పిన మేడమ్. మన క్లాస్ పేరు పైకి రావాలని. గా వార్త నేను సుత చదవలే." వాడి చెవులు ఎర్రబడ్డాయి.

వాళ్ల మీద కోపం రావాలి కదా, రాలేదండీ. ఓటు గురించి నేను చెప్పిన పాఠమే వాళ్లు అలా అర్థం చేసుకున్నారు. వాళ్ల దృష్టిలో బాణం నొక్కడమంటే స్నేహితుడి భుజం తట్టడం. ఒక మాటకు సాక్షి సంతకం పెడుతున్నామని ఎవరికీ తోచలేదు. ఎలా తోస్తుంది, నొక్కితే వేలికి సిరా కూడా అంటదాయె!

"సరే. ఊరికే నొక్కితే ఆ బరువు ఎవరి మీద పడిందో చూశారుగా. ఇప్పుడు దాన్ని మనం దింపుదాం. నొక్కిన ప్రతివాళ్లూ ఆ మడికి నారు తేవాలి. పొలం లేనివాళ్లు మోయడానికి రావాలి" అన్నాను. బెంచీల్లో గుసగుసలు. వర్ని వైపు నుంచి వచ్చే ఒక పిల్ల చెయ్యెత్తింది. "మా తాతయ్య దగ్గర నారు ఎప్పుడూ మిగులుతుంది మేడమ్. అడగమంటారా?"

అడగడం కాదు, నేనే వెళ్లాను ఆ సాయంత్రం, ఇన్‌స్ట్రక్టరు బండి వెనక కూర్చుని. ఆ పిల్ల తాతగారు ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి కాలువ మొదట్లో భూమి కొనుక్కుని స్థిరపడ్డ రైతు. నేను కథ మొత్తం చెబుతుంటే చుట్ట కాల్చడం ఆపి విన్నాడు. అంతా విని, "అంటే ఏంటమ్మా టీచరమ్మా, ఇక్కడ పిల్లలు కంప్యూటర్లో మీట నొక్కితే అక్కడ గేదె వెళ్లి నారు మేసిందంటావా?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ నారు ఆయనది, నవ్వూ ఆయనదే. ఓర్చుకున్నాను. నవ్వడం అయ్యాక కళ్లు తుడుచుకుని, "గట్టు పక్క మడి మొత్తం మాకు మిగులేనండి. పట్టుకెళ్లండి. చాలకపోతే మా వియ్యంకుడి దగ్గరా ఉంది. ట్రాక్టరు కూడా తోలిస్తాను" అన్నాడు. అప్పుడు మళ్లీ నాకు ఆయన మంచివాడిలా కనబడ్డాడు.

ఆదివారం పొద్దున్నే తల్లిదండ్రులకు చెప్పించి పిల్లల్ని తీసుకుని బయల్దేరాం. నారు కట్టల మీద పిల్లలు, వాళ్ల పక్కన నేను, ట్రాక్టరు డబ్బాలో. చూసినవాళ్లు పెళ్లివారనుకుని ఉంటారు. ఆ రైతు గట్టు మీద నిలబడి మమ్మల్ని చూశాడు. పలకరించలేదు. భార్య మాత్రం గబగబా వచ్చి, రోడ్డు దాకా ఎదురొచ్చి మాతో ట్రాక్టరెక్కిన కూతుర్ని పట్టుకుంది. పొలం దున్ని నీళ్లు కట్టి ఉంది. కబురు పంపాం కదా, నమ్మకం ఎంత కలిగిందో గానీ ఆయన మడి మాత్రం సిద్ధంగా పెట్టాడు.

పల్లె పిల్లలు చీరలు ఎగ్గట్టిన ఆడవాళ్లలాగే చకచకా నాటుతున్నారు. పట్నం పిల్లల సంగతి చెప్పాలా! ఒకడు నారు గుచ్చితే తేలుతుంది, ఇంకొకడు గుచ్చబోయి వాడే కూలబడతాడు. అంతసేపూ పెదవి విప్పని రైతు చూసి చూసి ఇక ఉండబట్టలేక మడిలోకి దిగాడు. "గట్ల గాదు బిడ్డా! గట్ల గుచ్చుతే గాలికే లేస్తది. వేళ్లు లోపటికి పోవాలె, గిట్ల. ఏంది మేడమ్, గీళ్లకు ఏం నేర్పుతున్నరు మీరు బడిల?" అని గదమాయించాడు. ఆయన తిట్టేసరికి నా ప్రాణం కుదుటపడింది. మాతో మాట్లాడుతున్నాడు కదా!

ఎండెక్కుతుండగా స్కూటర్ చప్పుడైంది. చూస్తే మా హెడ్మాస్టరు గారు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గట్టు మీద అటూ ఇటూ తిరిగారు. ఎవరూ రమ్మనలేదు. కాసేపటికి ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, "ఒక కట్ట ఇటివ్వండమ్మా" అన్నారు. ఆయన నాటిన వరస పాము పోయిన దారిలా ఉంది, అది వేరే సంగతి. స్కూటర్ డిక్కీలో పిల్లలందరికీ సరిపడా మిర్చి బజ్జీలు తెచ్చారు. ఆ తర్వాత ల్యాబ్ తాళం మాట ఆయన నోట మళ్లీ రాలేదు.

సోమవారం ప్రార్థనలో ఆ అమ్మాయే మైకు ముందుకొచ్చింది. నేను రాసివ్వలేదు, తానే రాసుకుంది. "పోయిన వారం మేము చదివిన కాలువ నీళ్ల వార్త ఈ ఏడాదిది కాదు. కరువు వచ్చిన ఏడాదిది. అది ఎప్పుడు రాసిందో చూడకుండా చదివాము. మా మాట నమ్మినవాళ్లకు నష్టం జరిగింది. కాలువకు నీళ్లు వచ్చాయి. చివరి తూముకు కూడా వచ్చాయి." రోడ్డు అవతల హోటల్లో గ్లాసుల చప్పుడు ఆగిపోవడం నాకు వినబడింది. తప్పు దిద్దుకునే మాట కూడా అదే గొట్టంలోంచి, అంతే గట్టిగా వినబడాలని నేను పట్టుబట్టాను. ఇది మాత్రం రాసిపెట్టుకోండి. తప్పు మైకులో చెప్పి సవరణ చెవిలో చెప్పకూడదు.

ఆ పంట కాస్త వెనకగా అయినా వాళ్ల చేతికొచ్చింది. అమ్మాయి బడి మానలేదు, పదో తరగతి దాకా మా మైకులో వార్తలు చదివింది. ఇక మీ ప్రశ్నకు నా జవాబు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. చిన్న పిల్లలకు వద్దు. వాళ్లకు నేస్తం మాటే వేదం, అందరూ పోయే దారే దారి. ఎనిమిది దాటిన పిల్లలకు చూపించండి, కానీ ముందు వాళ్లు కాళ్లతో నడిచి, కళ్లతో చూసి రాగలిగిన వార్తతో మొదలుపెట్టండి. చేతులు కట్టుకుని పక్కన నిలబడితే చాలదు, అడుగుతూ ఉండండి. ఈ చివరి రెండు మాటల మీద నమ్మకం నాకు ఏ శిక్షణలోనూ కలగలేదు. ఆ సోమవారం ల్యాబ్‌లో కలిగింది.

మధ్యాహ్నం కంప్యూటర్ పీరియడ్‌లో ఆ అమ్మాయి జిల్లా పేజీలో కొత్త వార్త పెట్టింది. చివరి తూముకు నీళ్లు వచ్చాయి, మా పొలంలో నాట్లు పడ్డాయి అని. పాత వార్తను తీసేసి, ఎందుకు తీసేసిందో కింద రాసింది. ఇన్‌స్ట్రక్టరు తలుపు దగ్గర నిలబడి అన్నాడు: "ఎవ్వరు ఎవ్వరికి చెప్పొద్దు. చూసినోళ్లే నొక్కుండ్రి."

పిల్లలు ఒక్కొక్కరే వెళ్లి నొక్కి వస్తున్నారు. కొందరి గోళ్లలో ఇంకా బురద ఉంది. దుకాణం సాయిబు గారి అబ్బాయి మాత్రం గోడకు ఆనుకుని నిలబడ్డాడు, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని. ఆదివారం వాడు రాలేదు. వాళ్ల నాన్న దుకాణంలో కూర్చోబెట్టి వెళ్లాడట. పిల్లలు వాణ్ని లాగారు. "నొక్కురా, మన క్లాస్‌దే గదా!"

"నేను పోలే గదరా. నాట్లు పడ్డయో లేదో నాకెట్ల ఎరుక?" అన్నాడు వాడు.

క్లాసు నవ్వింది. నేను నవ్వలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

మరునాడు ప్రార్థన అయిపోయాక వాడు ఆలస్యంగా వచ్చాడు. సైకిల్ హ్యాండిల్ వంకరగా ఉంది, ప్యాంటు మోకాళ్ల దాకా బురద. నన్ను చూసి వరండాలోనే ఆగిపోయాడు. ఆలస్యానికి తిడతాననుకున్నాడేమో, అడగకముందే చెప్పాడు.

"పొలం కాడికి పోయొచ్చిన మేడమ్. నీళ్లున్నయ్. నారు నిలవడ్డది. హెడ్మాస్టర్ సార్ నాటిన వరస గూడ చూసిన." కాస్త తటపటాయించి, "ఇగ నొక్కాల్నా మేడమ్?" అన్నాడు.

"నన్నెందుకురా అడుగుతావు? చూసొచ్చింది నువ్వు" అన్నాను.

వాడు చెప్పులు విప్పి, బురద కాళ్లు గోనెపట్టాకు తుడుచుకుని, ల్యాబ్‌లోకి వెళ్లాడు.